టార్కుకేమన్నా కొమ్ములున్నాయా?

అమెరికాలో మోటార్‌హోమ్ కొన్నవారి మధ్యనో, కొనబోయేవారి మధ్యనో ఓ అరగంట కూర్చుంటే ఒక సూక్తి చెవిన పడక మానదు: "హార్స్‌పవరు బండిని అమ్ముతుంది, టార్కు కొండనెక్కిస్తుంది." అమ్మేవాడు అనేది ఇదే, కొన్నవాడు తన కొనుగోలును సమర్థించుకునేది ఇదే, కొనబోయేవాడు తలూపేదీ దీనికే. వేదవాక్యానికైనా భాష్యమడిగేవారు కద్దు గానీ, ఈ వాక్యానికి అర్థమేమిటని అడిగిన పాపాన పోయినవారు అరుదు. పిల్లల చదువులు ముగిసి, కాస్త తీరిక చిక్కి, దేశం చూడాలన్న కోరిక మిగిలిన తెలుగువారు కొందరు ఈ బండ్లవైపు చూస్తున్నారు. వేసవి సెలవుల్లో అమ్మానాన్నలను వెంటబెట్టుకుని అద్దె బండిలో ఎల్లోస్టోన్ వెళ్ళేవారు ఇంకొందరు. వారి నోటా ఇదే మంత్రం.

ఈ సూక్తి తప్పు. దీన్ని నమ్మినందువల్ల నష్టమేమీ లేకపోతే ఇంత రాయవలసిన పని లేదు. నష్టం రెండు విధాల ఉంది. ఒకటి డబ్బు: ఒక్కో బండి ధర ఇల్లు కొన్నంత. రెండవది ప్రాణం. దాని సంగతి కొండ దిగేటప్పుడు చెబుతాను, ముందు ఎక్కుదాం.

మాటల దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే గందరగోళమంతా అక్కడే పుట్టింది. మోటార్‌హోమ్‌ను ఇకపై ఇంటిబండి అంటాను. చట్రం మీదనే ఇల్లు కట్టిన బండి కనుక ఆ పేరు దానికి నప్పుతుంది. హార్స్‌పవరును వాడుకలో అశ్వశక్తి అంటున్నాం. మన భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలలో శక్తి వేరు, సామర్థ్యం వేరు. పని చేయగల నిల్వ శక్తి. ఆ పని ఎంత త్వరగా జరుగుతోందో చెప్పేది సామర్థ్యం. హార్స్‌పవరు కొలిచేది రెండవదాన్ని. కనుక అశ్వసామర్థ్యమన్న పాఠ్యపుస్తకాల మాటే సరైనది, నోటికి కాస్త బరువైనా సరే.

టార్కంటే తిప్పే బలం. బలాన్ని, ఆ బలం ఇరుసుకు ఎంత దూరాన పనిచేస్తోందో ఆ దూరంతో గుణిస్తే వస్తుంది. అమెరికాలో దాన్ని పౌండ్-అడుగులలో కొలుస్తారు. ఈ నిర్వచనంలో ఏది లేదో గమనించండి. కాలం లేదు. ఎంతసేపట్లో తిప్పారన్న ప్రశ్న లేదు. ఆ మాటకొస్తే, అసలు తిరిగిందా లేదా అన్న ప్రశ్న కూడా లేదు.

మన జాతీయ రహదారుల పక్కన లారీల పంక్చరు షాపులు చూడని తెలుగువాడుండడు. తుప్పు పట్టి బిగుసుకున్న నట్టు విప్పడానికి అక్కడి కుర్రాడు ఏం చేస్తాడు? స్పానరుకు ఒక పొడవాటి ఇనుప పైపు తొడిగి, దాని చివర ఎక్కి నిలబడతాడు. పైపు నాలుగడుగులు, కుర్రాడు 175 పౌండ్లు అనుకుందాం. గుణిస్తే 700 పౌండ్-అడుగులు. ఇంటిబండ్లలో విరివిగా వాడిన కమిన్స్ 6.7 లీటర్ల డీజిలు ఇంజిను, 340 అశ్వసామర్థ్యం గల రకం, దాని గరిష్ఠ టార్కు సరిగ్గా అంతే: 700. టార్కే కొండనెక్కించేదైతే, ఆ పంక్చరు కుర్రాణ్ణి ఎక్కించుకుని పోవచ్చు. ఇంజినెందుకు, డీజిలెందుకు?

అంతకన్నా పాత సాక్ష్యం ఇంకొకటుంది. అశ్వసామర్థ్యమన్న కొలమానాన్ని స్థిరపరచినవాడు జేమ్స్ వాట్, 1780ల నాటి మాట. ఆయన లెక్కగా చెప్పుకునేది ఇది: మిల్లుకు కట్టిన గుర్రం 12 అడుగుల వ్యాసార్ధం గల వలయంలో తిరుగుతూ 180 పౌండ్ల బలంతో లాగుతుంది, గంటకు 144 చుట్లు, అంటే నిమిషానికి 2.4 చుట్లు తిరుగుతుంది. దీన్ని గుణించి, గుండ్రం చేసి, నిమిషానికి 33,000 అడుగు-పౌండ్ల పనిని ఒక అశ్వసామర్థ్యంగా ఆయన నిర్ణయించాడు. మనకు గుర్రపు మిల్లు కొత్తగానీ గానుగెద్దు కొత్త కాదు. గుర్రం స్థానంలో దాన్ని ఊహించుకుంటే చిత్రం కళ్ళకు కడుతుంది. ఇప్పుడు ఆ గుర్రం టార్కెంతో చూడండి: 180ని 12తో గుణిస్తే 2,160 పౌండ్-అడుగులు. పైన చెప్పిన కమిన్స్ ఇంజిను టార్కుకు మూడు రెట్లు! దాని సామర్థ్యం మాత్రం ఒకటంటే ఒక్క అశ్వం. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టమన్నట్టు, "టార్కు ఎక్కువ" అనగానే "అయితే కొండ బాగా ఎక్కుతుంది" అనేవారు ఈ ఒక్క లెక్క దగ్గర కాసేపు ఆగాలని మనవి.

గుర్రానికి లేనిదీ ఇంజినుకున్నదీ వేగం. నిమిషానికి 2.4 చుట్లు ఎక్కడ, 2,600 చుట్లు ఎక్కడ? టార్కును నిమిషానికి తిరిగే చుట్లతో గుణించి 5,252తో భాగిస్తే అశ్వసామర్థ్యం వస్తుంది. ఈ రెండూ ప్రత్యర్థులు కావు. ఒకటి మరొకదానిలోని ఒక భాగం. కూలి డబ్బు రోజుకూలి మీద ఆధారపడుతుందా, పనిదినాల మీద ఆధారపడుతుందా అని తగువులాడుకుంటే ఎలా ఉంటుందో టార్కు-హార్స్‌పవరు తగువు అలా ఉంటుంది.

* * *

కొండెక్కడానికి నిజంగా ఏం కావాలి? కాలిఫోర్నియాలో ఐదవ నంబరు అంతర్రాష్ట్ర రహదారి మీద, లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరాన, గ్రేప్‌వైన్ అనే ఎగువ ఉంది. సుమారు 5 మైళ్ళ పాటు 6 శాతం వాలు. ఇంజిను వేడెక్కకుండా ఏసీ ఆపుకోమని రోడ్డు పక్కన బోర్డులు పెట్టిన చోటు అది. 22,000 పౌండ్ల బరువున్న ఇంటిబండి, అంటే దాదాపు 10 టన్నులు, అక్కడ గంటకు 50 మైళ్ళ వేగంతో ఎక్కాలనుకుందాం.

22,000లో 6 శాతం 1,320 పౌండ్లు. భూమి ఆ బండిని వెనక్కు లాగే బలం అది. 50 మైళ్ళంటే సెకనుకు 73 అడుగుల పైచిలుకు. రెంటినీ గుణించి 550తో భాగిస్తే 176 అశ్వసామర్థ్యం. ఇది కొండకు కట్టే కప్పం మాత్రమే. బీరువాలాంటి ఆ బండి ముఖం గాలిని చీల్చుకుపోవాలి, టైర్ల రాపిడిని ఓర్చుకోవాలి, గేర్లలోనూ ఇరుసులోనూ కొంత పోవాలి. నా అంచనాలో ఇవన్నీ కలిపితే ఇంజిను దగ్గర 300 వరకూ కావాలి. ఈ లెక్కలో టార్కన్న మాట ఎక్కడా రాలేదు, చూశారా? బరువు వచ్చింది, వాలు వచ్చింది, వేగం వచ్చింది. జవాబు అశ్వసామర్థ్యంలో వచ్చింది.

"కాదు, చక్రాన్ని తిప్పేది టార్కే కదా!" అంటారు. అవును, చక్రం దగ్గరి టార్కు. ఇంజిను దగ్గరిది కాదు. ఈ రెంటి మధ్యా గేర్లున్నాయి. వాటి సంగతి మరచిపోవడమే ఈ మతానికి మూలం. ఏతానికి బరువు కట్టి బావిలో నీళ్ళు తోడుకున్న జాతికి మీటసూత్రం కొత్తగా చెప్పాలా? గేరు కూడా మీటే. తిరుగుతూనే ఉండే మీట. చుట్లను తగ్గించి టార్కును పెంచుతుంది, లేదా టార్కును తగ్గించి చుట్లను పెంచుతుంది. పెంచలేనిది ఒక్కటే, సామర్థ్యం. ఎన్ని పళ్ళచక్రాలు పెట్టినా అది ఇసుమంత తగ్గుతుందే తప్ప పెరగదు.

రెండు నిజమైన ఇంజిన్లను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి పైన చెప్పిన 340 అశ్వసామర్థ్యం, 700 పౌండ్-అడుగుల డీజిలు. రెండవది ఫోర్డు వారి ఎఫ్-53 చట్రంలో వచ్చిన 7.3 లీటర్ల పెట్రోలు ఇంజిను: 350 అశ్వసామర్థ్యం, 468 పౌండ్-అడుగులు. సూక్తిని నమ్మితే డీజిలు ఒకటిన్నర రెట్లు బాగా ఎక్కాలి. 50 మైళ్ళ వేగం దగ్గర చక్రం నిమిషానికి సుమారు 450 చుట్లు తిరుగుతుందనుకుందాం. పెట్రోలు ఇంజిను తన పూర్తి సామర్థ్యాన్ని 3,900 చుట్ల దగ్గర ఇస్తుంది, డీజిలు సుమారు 2,600 దగ్గర.

పెట్రోలు: 3,900ను 450తో భాగిస్తే మొత్తం గేరు నిష్పత్తి 8.67. దాన్ని 468తో గుణిస్తే చక్రాల దగ్గర సుమారు 4,060 పౌండ్-అడుగులు.

డీజిలు: 2,600ను 450తో భాగిస్తే 5.78. ఆ చుట్ల దగ్గర 340 అశ్వసామర్థ్యానికి కావలసిన టార్కు 687. గుణిస్తే సుమారు 3,970.

ఒకటిన్నర రెట్ల గొప్ప ఏమైపోయింది? గేర్లలో కరిగిపోయింది. పెట్రోలు ఇంజిను వేగంగా తిరిగింది కనుక దానికి పొడవాటి మీట దొరికింది; డీజిలు నిదానంగా తిరిగింది కనుక పొట్టి మీటతో సరిపెట్టుకుంది. మిగిలిన కాస్త తేడా 350కీ 340కీ మధ్య ఉన్న తేడాయే.

దీనికన్నా గట్టి ఉదాహరణ కావాలా? మూడిరుసుల పెద్ద డీజిలు బండ్లలో 450 అశ్వసామర్థ్యం, 1,250 పౌండ్-అడుగుల కమిన్స్ 8.9 లీటర్ల ఇంజినుంటుంది. ఆ బండి నిండుగా 44,000 పౌండ్లు తూగిందనుకుందాం. వెయ్యి పౌండ్ల బరువుకు ఎంత టార్కు పడుతుందో చూస్తే ఆ పెద్ద బండికి 28, మన పెట్రోలు బండికి 21. టార్కు సిద్ధాంతం ప్రకారం పెద్ద బండే ముందు ఎక్కాలి. వెయ్యి పౌండ్లకు ఎన్ని అశ్వాలో చూడండి: పెద్ద బండికి 10, పెట్రోలు బండికి 16. గ్రేప్‌వైన్ మీద పెద్ద బండికి కొండ కప్పమే 352. గాలి, టైర్లు, గేర్లు తమ వాటా తీసుకున్నాక 50 మైళ్ళ వేగం నిలబెట్టుకోవడానికి దాని 450 చాలదు. దానికి సగం బరువున్న పెట్రోలు బండి, హోరెత్తిపోతూనే అయినా, నిలబెట్టుకుంటుంది.

* * *

ఇంత చెప్పాక కూడా ఒక పెద్దమనిషి లేచి, "అయ్యా, నేను రెండూ నడిపాను. డీజిలు హాయిగా ఎక్కుతుంది, పెట్రోలు ఏడుస్తూ ఎక్కుతుంది" అంటాడు. ఆయన అనుభవాన్ని కాదనను. దానికి ఆయన పెట్టిన పేరునే కాదంటాను.

డీజిలు హాయికి మూడు కారణాలున్నాయి. మొదటిది, తక్కువ చుట్ల దగ్గరే చేతికందే సామర్థ్యం. 1,600 చుట్ల దగ్గర ఆ డీజిలు ఇంజిను 213 అశ్వసామర్థ్యం ఇస్తుంది. పెట్రోలు ఇంజిను తన గరిష్ఠ టార్కు మొత్తాన్నీ అక్కడ కుమ్మరించినా 143కు మించలేదు. 213 కావాలంటే అది 2,400 చుట్లు దాటి తిరగాలి. అందుకే గేరు దించుకుంటుంది, అరుస్తుంది. రెండవది, ఇంజిను ఉన్న చోటు: చాలా డీజిలు బండ్లలో అది వెనుక ఉంటుంది, పెట్రోలు బండిలో డ్రైవరు మోకాళ్ళ పక్కన ఉంటుంది. ఆ అరుపు చెవికి ఎంత దగ్గరైతే ఇంజిను అంత కష్టపడుతున్నట్టు తోస్తుంది. ఇవి సుఖానికి సంబంధించిన సంగతులు. సుఖానికి డబ్బు పెట్టడం తప్పు కాదు. కానీ నిశ్శబ్దాన్ని కొని బలాన్ని కొన్నానని చెప్పుకోవడమెందుకు?

మూడవ కారణం అన్నిటికన్నా ముఖ్యమైనది, అందరూ మరచేదీ అదే. కొలరాడోలో డెబ్భయవ నంబరు అంతర్రాష్ట్ర రహదారి మీద ఐసెన్‌హోవర్ సొరంగం సముద్రమట్టానికి 11,000 అడుగులకు పైన ఉంది. దానికి చేరే దారిలో 7 శాతం వాలులున్నాయి. ఆ ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టం దగ్గరి దానిలో సుమారు 70 శాతమే. మామూలుగా గాలి పీల్చుకునే 350 అశ్వసామర్థ్యపు పెట్రోలు ఇంజిను అక్కడ 250 దగ్గరికి పడిపోతుంది. డీజిలు ఇంజినుకు టర్బో ఉంది. గాలిని అదిమి లోపలికి తోస్తుంది కనుక దాని సామర్థ్యం చాలావరకు నిలుస్తుంది. అక్కడ డీజిలు బండి పెట్రోలు బండిని చిత్తుగా ఓడిస్తుంది, నిస్సందేహంగా. ఓడించినది టర్బో. టార్కుకు దక్కుతున్న కీర్తిలో పెద్ద వాటా నిజానికి టర్బోది. టర్బో డీజిలు సొత్తేమీ కాదు. చిన్న ఇంటిబండ్లకు ఆధారమైన ఫోర్డు ట్రాన్సిట్‌లో 3.5 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిను వచ్చింది. కొండ ఎత్తుల్లో దానికీ అదే లాభం. కనుక రాకీ పర్వతాలలో తిరగదలచినవారు అడగవలసిన ప్రశ్న "టర్బో ఉందా?" అన్నది. ఫ్లోరిడా తీరంలో తిరిగేవారికి ఆ ప్రశ్న కూడా అక్కరలేదు.

* * *

అశ్వసామర్థ్య భక్తులు ఇంతవరకూ చదివి సంతోషిస్తున్నారు కాబోలు. వారికీ ఒక మాట. కాగితం మీది గరిష్ఠ సామర్థ్యం ఒక్కటి తెలిస్తే సరిపోదు. మీరు వెళ్ళదలచిన వేగం దగ్గర ఇంజినును ఆ చుట్లకు చేర్చగల గేరు ఉండాలి. లేకపోతే ఆ సంఖ్య పెట్టెలో పెట్టి తాళం పోగొట్టుకున్న నగలాంటిది.

ఫోర్డు పాత 6.8 లీటర్ల వీ-10 ఇంజిను చరిత్ర దీనికి మంచి పాఠం. 362 అశ్వసామర్థ్యం, కానీ 4,750 చుట్ల దగ్గర. 457 పౌండ్-అడుగులు, 3,250 చుట్ల దగ్గర. దానికి జతచేసిన ఐదు గేర్ల పెట్టెలో మూడవ గేరు 1.55, నాలుగవది 1.00. ఈ రెంటి మధ్యా ఎంత అగాధముందో చూడండి. మూడులో 4,500 చుట్లు తిరుగుతున్న ఇంజిను నాలుగులోకి మారగానే 2,900కు పడిపోతుంది. ఎగువ మీద నాలుగు చాలదు, మూడు చెవులు పగులగొడుతుంది. బండి రెంటి మధ్యా ఊగిసలాడుతుంది. డ్రైవరు "ఈ ఇంజినులో టార్కు లేదు" అని నిర్ధారిస్తాడు. లేనిది టార్కు కాదు, మధ్యలో ఒక మెట్టు. 2016 మోడలులో ఆరు గేర్ల పెట్టె వచ్చింది. అందులో మూడు 1.52, నాలుగు 1.15, ఐదు 0.86. మెట్లు దగ్గరయ్యాయి. 457 నుంచి నేటి 468 వరకూ ఎఫ్-53 టార్కు పెరిగింది నూటికి మూడు పాళ్ళు కూడా కాదు. కొండ మీద కొత్త బండి పాతదానికన్నా నిమ్మళంగా నడవడంలో ఆ మూడు పాళ్ళ కన్నా ఈ మెట్ల పాత్రే పెద్దది. గేరు నిష్పత్తులను బ్రోషరు చివరి పేజీలో చిన్న అక్షరాలతో వేస్తారు, వేస్తే. నాకడిగితే మొదటి పేజీలో వేయాలి.

ఇంకొక దురలవాటు ఉంది: చుట్ల భయం. ముల్లు 4,000 దాటగానే "పాపం ఇంజిను" అని కాలు తీసేవారున్నారు. ఆ ఇంజినును తయారుచేసినవాడు అక్కడ తిరగడానికే తయారుచేశాడు. అసలు హింస దానికి వ్యతిరేక దిశలో ఉంది. తక్కువ చుట్ల దగ్గర పెద్ద గేరులో ఆక్సిలరేటరును అడుగంటా తొక్కి లాగించడం, అందువల్ల నీటి పంపూ ఫ్యానూ నెమ్మదిగా తిరిగి వేడి పెరగడం, అదీ హింస. మన గిర్కల బావి దగ్గర కూడా నిండు బిందెను ఒక్క గుంజుతో లాగేవాడి నడుమే విరిగేది.

* * *

ఇక దిగుడు.

ఎక్కలేని బండి ఎవరినీ చంపదు. మహా అయితే వెనకవాళ్ళు హారను కొడతారు. దిగలేని బండి చంపుతుంది. ఎక్కేటప్పుడు 176 అశ్వసామర్థ్యం కప్పం కట్టాం గదా, దిగేటప్పుడు భూమి ఆ మొత్తాన్నీ తిరిగి బండిలో పోస్తుంది. కొంత గాలికీ టైర్లకూ పోగా, 50 మైళ్ళ వేగం దగ్గర దాదాపు 97 మిగులుతుంది. విద్యుత్తు భాషలో 72 కిలోవాట్లు. మన ఇళ్ళలో బకెట్టు నీళ్ళు కాచుకునే వెయ్యి వాట్ల కడ్డీలు 72 ఒకేసారి వేస్తే ఎంత వేడో అంత. 5 మైళ్ళు దిగేసరికి 80 లీటర్ల చల్లని నీటిని మరిగించగల వేడి. ఇంజిను దీన్ని పంచుకోకపోతే మొత్తం బ్రేకుల నెత్తినే పడుతుంది. వేడెక్కిన బ్రేకులకు పట్టు పోతుంది. పెడలు ఎంత తొక్కినా బండి ఆగదు.

"ఎక్కిన గేరులోనే దిగు" అన్నది ఘాట్ రోడ్ల పాత డ్రైవర్ల సూత్రం. తిరుమల ఘాటులోనో శ్రీశైలం ఘాటులోనో బస్సెక్కినవారికి ఆ గేరు మూలుగు జ్ఞాపకముండే ఉంటుంది. మంచి సూత్రమే, ఆ కాలపు ఇంజిన్లకు. నీరసపు ఇంజిను రెండో గేరులో ఎక్కేది, రెండో గేరులో దిగేది, క్షేమంగా చేరేది. ఇప్పటి బలమైన ఇంజిను అదే ఎగువను నాలుగో గేరులో ఎక్కేస్తుంది. అదే నమ్మకంతో నాలుగో గేరులో దిగితే ఇంజిను పట్టుకోదు. అంటే ఇంజిను బలం పెరిగేకొద్దీ ఆ సూత్రం ఇచ్చే రక్షణ తరుగుతూ వచ్చింది. టార్కు చూసి బండి కొన్నవాడికి ఈ ముక్క ఎవరూ చెప్పరు.

పైగా డీజిలు ఇంజిను ఎంత టార్కు గలదైనా తనంతట తాను బండిని పెద్దగా పట్టి ఉంచలేదు. పెట్రోలు ఇంజినులో గాలిదారిని మూసే థ్రాటిలు ఉంటుంది, అది కొంత నిలువరిస్తుంది. సాధారణంగా డీజిలులో ఆ పని థ్రాటిలు చేయదు, అందుకే దానికి ఎగ్జాస్ట్ బ్రేకు పెడతారు. ఆ ఎగ్జాస్ట్ బ్రేకు కూడా ఎప్పుడు బాగా పట్టుతుంది? చుట్లు ఎక్కువున్నప్పుడు. ఎక్కడానికైనా దిగడానికైనా చుట్లే దిక్కు. చుట్లంటే భయపడడం నేర్పిన సూక్తి దిగువ మీద మనిషిని నిరాయుధుణ్ణి చేస్తోంది.

కొలరాడోలో అదే డెబ్భయవ నంబరు రహదారి మీద, డెన్వరు వైపు దిగే చోట, 2019 ఏప్రిల్ 25న బ్రేకులు పట్టని లారీ ఒకటి ఆగి ఉన్న వాహనాల మీదికి దూసుకుపోయింది. నలుగురు చనిపోయారు. అది ఇంటిబండి కాదు, నిజమే. కానీ వాలుకు లారీ అనీ ఇంటిబండి అనీ భేదముండదు. లారీ డ్రైవరుకు వేరే లైసెన్సయినా కావాలి. చాలా రాష్ట్రాలలో 22,000 పౌండ్ల ఇంటిబండిని నడపడానికి కారు లైసెన్సే చాలు. నిన్నటిదాకా కామ్రీ నడిపినవాడు, వెనుక సోఫాలో తల్లిదండ్రులను కూర్చోబెట్టుకుని, నేడు దీన్ని కొండ దింపుతాడు. అద్దె బండి తాళాలిచ్చే చోట స్టవ్వు ఎలా వెలిగించాలో చూపిస్తారు, మురుగు ట్యాంకు ఎలా ఖాళీ చేయాలో చూపిస్తారు. గేరు కడ్డీ చివర ఉండే టో-హాల్ బొత్తామును కూడా తప్పక అడిగి చూపించుకోండి. అది నొక్కి ఉంచితే బ్రేకు మీద కాలు పడగానే పెట్టె తానే కింది గేరుకు దిగి ఇంజినును పనిలోకి దింపుతుంది. అది కూడా చాలని నిటారు దిగువల్లో చేత్తో గేరు దించాలి. అదీ దిగువ మొదలవ్వకముందే, పైనున్నప్పుడే. వేగం పుంజుకున్నాక గేరు దించాలన్నా దిగదు.

* * *

కనుక ఇంటిబండి కొనబోయే మిత్రులకు నా విన్నపం: టార్కెంత అని అడగకండి. నాలుగు ప్రశ్నలు అడగండి. నీళ్ళు, సామాను, మనుషులు, వెనుక లాగే కారు అన్నీ కలిపి ఈ బండి ఎంత తూగుతుంది, దానికి వెయ్యి పౌండ్లకు ఎన్ని అశ్వాలు పడతాయి? 50 మైళ్ళ వేగం దగ్గర ఒక్కో గేరులో ఇంజిను ఎన్ని చుట్లు తిరుగుతుంది? నేను వెళ్ళే ఎత్తుల్లో ఈ ఇంజిను సామర్థ్యం ఎంత మిగులుతుంది? దిగేటప్పుడు బండిని పట్టుకునేదేమిటి? ఈ నాలుగింటికీ జవాబు చెప్పగలవాడు మీకు బండి అమ్మడానికి అర్హుడు. చెప్పలేక మళ్ళీ "టార్కు" అన్నాడంటే, నాలుగడుగుల పైపు ఒకటి కొని అతని చేతికివ్వండి. 700 పౌండ్-అడుగులు అక్కడే దొరుకుతాయి.

దీనితో విభేదించేవారు తప్పక రాయండి. అనుభవాలు చెప్పండి, వింటాను. కానీ మీ బండి బరువెంతో, ఏ వాలు మీద, ఏ గేరులో, ఎన్ని చుట్ల దగ్గర, ఎంత వేగంతో ఎక్కిందో కూడా రాయండి. ఆ ఐదు సంఖ్యలూ ఉంటే వాదన మనకు అక్కరలేదు, లెక్కే తేలుస్తుంది.